ఒక ఊరు, ఒక రోజు: సోషల్ టీచర్ల సదస్సులో ఏం పని జరగాలి?



పోయిన ఎపిసోడ్ తరవాత చాలామంది ఒకే మాట అడిగారు. "సార్, మీ ప్రాంతంలో సోషల్ టీచర్ల సదస్సు జరిగిందటగా, అందులో ఏం చేశారు? మామూలు ట్రైనింగుకీ దానికీ తేడా ఏంటి?" అని. ఈ రోజు దాని గురించే మాట్లాడుకుందాం. జరిగింది జరిగినట్టు చెప్తాను. మీ జిల్లాలో మీరు చేసుకోవాలంటే ఏం కావాలో కూడా చివర్లో చెప్తాను.

ముందు ఒక సంగతి. మన హైస్కూళ్ళలో సోషల్ టీచర్ ఎంతమంది ఉంటారు? చాలా చోట్ల ఒక్కరు. కాస్త పెద్ద బడైతే ఇద్దరు. అంటే స్టాఫ్ రూములో మనతో మన సబ్జెక్టు మాట్లాడే మనిషి ఉండరు. ఒక పాఠం బాగా వచ్చిందనుకోండి, ఎవరికి చెప్పుకుంటాం? ఒక పిల్ల అడిగిన ప్రశ్నకు జవాబు తోచలేదనుకోండి, ఎవర్ని అడుగుతాం? లెక్కల మాస్టారిని అడగలేం కదా. సంవత్సరాల తరబడి అదే పాఠం, అదే తీరు, మనమొక్కళ్ళమే. సదస్సు అనేది దేనికి అని నన్నడిగితే, మొట్టమొదట ఈ ఒంటరితనం పోవడానికి అంటాను. తక్కినవన్నీ ఆ తరవాతే.

ఇప్పుడు శిక్షణలు లేవా అంటే ఉన్నాయి. 2017లో దీక్ష వచ్చింది, 2019లో నిష్ఠ వచ్చింది. 2020 జాతీయ విద్యావిధానం ప్రతి టీచరూ ఏడాదికి కనీసం 50 గంటలు వృత్తిపరమైన అభివృద్ధికి కేటాయించాలంది. మంచిదే. నేను వాటిని తక్కువ చేసి మాట్లాడటం లేదు. కానీ గంటలు లెక్కపెట్టడం తేలిక. ఆ గంటల్లో టీచరు చేత్తో ఏం చేశారన్నది లెక్కకు రాదు. పొద్దున పది నుంచి సాయంత్రం ఐదు దాకా తెర మీద స్లైడ్లు తిరుగుతుంటాయి. "పిల్లల్ని ప్రశ్నలు అడగనివ్వండి" అని ఒకాయన గంటన్నర సేపు చెప్తారు. ఆ గంటన్నరలో మనల్ని మాత్రం ఒక్క ప్రశ్న అడగనివ్వరు! నవ్వు రావాల్సిన సంగతే, కానీ మనకు అలవాటైపోయింది.

అందుకని మా సదస్సుకు ఒకటే నియమం పెట్టుకున్నాం. పిల్లల చేత ఏం చేయించమంటామో అది ముందు టీచర్లే చెయ్యాలి. ఇంకొకటి, రోజంతా ఒక్క ఊరి గురించే పని చెయ్యాలి. చరిత్ర, భూగోళం, పౌరశాస్త్రం, అర్థశాస్త్రం నాలుగూ ఆ ఊళ్ళోంచే రావాలి. మేం తీసుకున్న ఊరు చీరాల.

చీరాల ఎందుకంటే, చూడండి, పదో తరగతి ఎన్‌సీఈఆర్‌టీ చరిత్ర పుస్తకంలో 'భారతదేశంలో జాతీయవాదం' అనే పాఠం ఉంది కదా. సహాయ నిరాకరణోద్యమం పట్టణాల్లో ఎలా సాగింది, పల్లెల్లో ఎలా సాగింది, అస్సాం తోటల్లో ఎలా సాగింది అని విడదీసి చెప్తుంది. అవధ్ రైతులు వస్తారు, మన గూడెం కొండల్లోంచి అల్లూరి సీతారామరాజు వస్తాడు. పట్టణాల దగ్గరికొచ్చేసరికి విద్యార్థులు బడులు వదలడం, లాయర్లు కోర్టులు మానెయ్యడం, విదేశీ బట్టల బహిష్కారం. మిల్లు బట్ట కన్నా ఖద్దరు ఖరీదు ఎక్కువ కాబట్టి పేదవాళ్ళు కొనలేకపోయారనీ ఉంటుంది. పిల్లలు బట్టీ పట్టేస్తారు. మరి మన ఊళ్ళో ఏం జరిగింది? ఆ ప్రశ్న ఎవరూ అడగరు.

పొద్దున మొదటి పని అదే. ఆరేసి మంది చొప్పున గుంపులు చేశాం. ఒకే మండలం వాళ్ళు ఒకే గుంపులో లేకుండా చూశాం. ప్రతి గుంపుకీ ఒక కాగితం ఇచ్చాం. అందులో కథ లేదు, నాలుగే వాక్యాలు. ఒకటి, 1919లో చీరాల, పేరాలను కలిపి మున్సిపాలిటీ చేశారు. రెండు, అంతకుముందు యూనియన్‌గా ఉన్నప్పుడు ఏడాదికి సుమారు 4,000 రూపాయలున్న పన్ను మున్సిపాలిటీ అయ్యాక 40,000 దాకా పోయిందని చెప్తారు. మూడు, అప్పటి జనాభా సుమారు 15,000. నాలుగు, ఊళ్ళో ఎక్కువమంది నేతపనివాళ్ళు, చిన్న వ్యాపారులు, పేదలు. దీన్నిబట్టి మీరు ఆ ఊళ్ళో ఉంటే ఏం చేస్తారు? ఇరవై నిమిషాలు టైమిచ్చాం.

హాలంతా ఒక్కసారి గలగలలాడింది. ఒక గుంపు అర్జీ పెడతామంది. ఒక గుంపు కట్టం పొమ్మంది. ఒక సారు కాగితం మీద భాగహారం చేసి, తలకు ఎంత పడుతుందో, అది అప్పటి కూలీతో పోలిస్తే ఎంతో తెలియాలి కదా, అది తెలీకుండా ఏం నిర్ణయిస్తాం అన్నారు. చూశారా, అదే మనకు కావలసిన ప్రశ్న. ఆ ప్రశ్న పిల్లవాడి నోట్లోంచి రావాలంటే ముందు టీచరు నోట్లోంచి రావాలి.

ఆ తరవాతే జరిగిన కథ చెప్పాం. అర్జీలు పెట్టారు, పని జరగలేదు. పన్ను కట్టమన్నారు, అరెస్టులయ్యాయి. 1921 ఏప్రిల్లో, బెజవాడలో కాంగ్రెస్ సమావేశం అయిన కొద్దిరోజులకే గాంధీజీ చీరాల వచ్చారు. ఊరు వదిలి వెళ్ళడం కూడా ఒక మార్గమే అన్నారు. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వంలో జనంలో ఎక్కువ భాగం ఇళ్ళకు తాళాలేసుకుని ఊరి బయటికి వెళ్ళిపోయారు. పాకలు వేసుకున్నారు. దానికి రామనగర్ అని పేరు పెట్టుకున్నారు. ఎండలో, వానలో, చలిలో సుమారు పదకొండు నెలలు ఉన్నారు. గోపాలకృష్ణయ్యను జైల్లో పెట్టాక, డబ్బూ ఓపికా తరిగాక తిరిగి ఊళ్ళోకొచ్చారు. మరి వాళ్ళు గెలిచినట్టా, ఓడినట్టా? మళ్ళీ గుంపుల్లో గొడవ!

ఇక్కడ ఒక యువ టీచరు లేచి నిలబడ్డారు. ఉద్యోగంలో చేరి రెండేళ్ళయిందట. "సార్, ఇది బాగానే ఉంది. కానీ ఇది పబ్లిక్ పరీక్షలో వస్తుందా? మా హెచ్చెమ్ గారు రిజల్ట్ అడుగుతారు, చీరాల అడగరు" అన్నారు. హాల్లో చప్పట్లు కొట్టారండీ. కోపంతో కాదు, అందరి మనసులో మాట ఆవిడ అన్నారని.

దీన్ని దాటేసి సదస్సు చెయ్యలేం. కాబట్టి కార్యక్రమం ఆపి అదే మాట్లాడుకున్నాం. ఒక సీనియర్ మేడమ్ చెప్పిన లెక్క నాకు నచ్చింది. "నేను కొత్త పీరియడ్ అడగను. పట్టణాల్లో ఉద్యమం అనే భాగానికి ఎలాగూ ఒక పీరియడ్ పడుతుంది. మనం చదివి వినిపించి, ముఖ్యాంశాలు బోర్డు మీద రాసే ఆ నలభై ఐదు నిమిషాల్లోనే ఇది పెడతా. అయిదు నిమిషాలు ఆ నాలుగు వాక్యాలు. పదిహేను నిమిషాలు పుస్తకంలోని పేజీ చదవడం. పదిహేను నిమిషాలు చీరాల ఎందులో పుస్తకంలా ఉంది, ఎందులో లేదు అని వాదన. చివరి పది నిమిషాలు రాత. పరీక్షలో 'పట్టణాల్లో ఉద్యమం ఎందుకు నెమ్మదించింది' అని వస్తే, నేతగాళ్ళ ఊరి గురించి వాదించినవాడు ఖద్దరు ధర సంగతి మర్చిపోతాడా?" అన్నారు. అంటే పాఠానికి ఇంకోటి కలపడం కాదు, ఉన్న పీరియడ్‌నే మార్చడం. ఆ యువ టీచరు పూర్తిగా ఒప్పుకున్నారని చెప్పను. ఒక్క పీరియడ్ చేసి చూస్తానన్నారు. అది చాలు.

రెండో పని పటం. ఇది చిన్నదే కానీ అందరూ ఇంటికి తీసుకెళ్ళింది ఇదే. 2022 ఏప్రిల్ 4న మన రాష్ట్రంలో 13 జిల్లాలు 26 అయ్యాయి కదా. బళ్ళల్లో గోడ పటాలు చాలా చోట్ల పాతవే వేలాడుతున్నాయి. కొంతమంది తీసి అటక మీద పడేశారు. పారెయ్యకండి అన్నాం. చీరాలనే తీసుకోండి. 1921లో అది గుంటూరు జిల్లా. 1970లో గుంటూరు, నెల్లూరు, కర్నూలు జిల్లాల నుంచి కొంత కొంత తీసి ఒంగోలు జిల్లా చేశారు, 1972లో దానికి ప్రకాశం అని పేరు పెట్టారు, చీరాల అందులోకొచ్చింది. 2022లో బాపట్ల జిల్లాలోకి పోయింది. ఊరు అంగుళం కదల్లేదు, జిల్లా రెండుసార్లు మారింది.

పిల్లల ముందు పాత పటం, కొత్త పటం పక్కపక్కన పెట్టి అడగండి. గీత ఎవరు గీశారు? గీత మారితే మీ అమ్మ సర్టిఫికెట్ కోసం ఏ ఊరు వెళ్ళాలి? కలెక్టరాఫీసు దగ్గరైందా, దూరమైందా? బస్సుందా? పట నైపుణ్యం అంటే నదుల్నీ పర్వతాల్నీ గుర్తించడమొక్కటే కాదు. గీత వెనకాల మనుషులున్నారని తెలియడం కూడా.

భోజనాల తరవాత మూడో పని. ఇక్కడ మా సోషల్ టీచర్ల దగ్గరున్న పెద్ద ఆస్తి బయటపడింది. అదేంటంటే ఎలక్షన్ డ్యూటీ! విద్యాహక్కు చట్టం 27వ సెక్షన్ టీచర్లను బడి పని కాని పనులకు పెట్టొద్దంటూనే జనగణన, విపత్తు సహాయం, ఎన్నికలు ఈ మూడింటినీ మినహాయించింది. కాబట్టి ఈ హాల్లో కూర్చున్న అందరం ఎప్పుడో ఒకప్పుడు పీవోగానో ఏపీవోగానో చేసినవాళ్ళమే. 2024 మే 13న అసెంబ్లీకీ లోక్‌సభకూ ఒకే రోజు, రెండు ఓట్లు. రాత్రి పదింటికి సామాను అప్పజెప్పడానికి లైన్లో నిలబడ్డ సంగతులు మనం గంటలు గంటలు చెప్పుకుంటాం. కానీ అదే మనం ఎన్నికల పాఠానికొచ్చేసరికి పుస్తకం చదివేస్తాం. ఇదేం విచిత్రం!

అందుకని ప్రతి గుంపూ తమ డ్యూటీలోంచి ఒక్క సంఘటన తీసి పాఠం చెయ్యాలన్నాం. ఒక గుంపు మాక్ పోల్ తీసుకుంది. పోలింగ్‌కు గంటన్నర ముందు, ఏజెంట్ల కళ్ళముందు కనీసం 50 ఓట్లు వేసి, లెక్క చూపించి, చెరిపేసి, సీలు వేస్తాం. ఎందుకు? నమ్మండి అని చెప్పడం కాకుండా చూపించాలి కాబట్టి. ఇంకో గుంపు 17సీ ఫారం తీసుకుంది. ఆ బూత్‌లో ఎన్ని ఓట్లు పడ్డాయో రాసి, దాని కాపీ ఏజెంట్లకిస్తాం. అంటే ఎన్ని పడ్డాయో ఆఖర్న లెక్కించేవాడికే కాదు, ముందే అందరికీ తెలుసు. పిల్లలకు ఇది చెప్తే ప్రజాస్వామ్యం అంటే ఒకరిమీద ఒకరు కన్నేసి ఉంచడం అని టక్కున అర్థమవుతుంది.

ఒక మేడమ్ చెప్పింది మాత్రం నేను మర్చిపోలేను. ఆవిడ పీవోగా ఉన్న బూత్‌కి ఒక ముసలావిడ వచ్చింది. చూస్తే ఆమె పేరు మీద ఓటు అప్పటికే ఎవరో వేసేశారు. ఆవిడ ఏడుపు మొహంతో వెనక్కి తిరుగుతుంటే, మేడమ్ ఆపి, గుర్తింపు చూసి, టెండర్డ్ ఓటు ఇచ్చారు. కాగితం బ్యాలెట్ మీద వేయించి, విడిగా కవర్లో పెట్టారు. "ఆ రూల్ నాకు తెలియకపోతే ఆమె అలాగే వెళ్ళిపోయేది. ఆమెకు తెలిసుంటే నన్నే అడిగేది. మన పిల్లలు రేపు ఓటర్లు. అడగడం తెలియాలి కదా" అన్నారు. అప్పుడు హాల్లో ఎవరూ మాట్లాడలేదు.

ఇక్కడ ఒక హద్దు కూడా అనుకున్నాం. తరగతిలో పార్టీ పేరు రాదు, అభ్యర్థి పేరు రాదు. ప్రక్రియ, హక్కు, లెక్క, అంతే. పిల్లవాడు ఇంటికెళ్ళి "మా సారు ఫలానా పార్టీ" అనే వీలు ఉండకూడదు.

నాలుగోది అర్థశాస్త్రం. చీరాల పక్కనే జాండ్రపేట, వేటపాలెం. గుంట మగ్గాలున్న ఊళ్ళు. ఒకప్పుడు చీరాల తేలియా రుమాళ్ళు అరబ్బు దేశాల దాకా పోయేవి. 1985లో చేనేత రిజర్వేషన్ చట్టం వచ్చింది, మొదట 22 రకాల బట్టలు చేనేతకే కేటాయించారు, తరవాత అవి 11కి తగ్గాయి. ఇవి చెప్పి, ఒక చీర ధరను విడగొట్టమన్నాం. నూలు ఎంత, రంగు ఎంత, మగ్గం మీద ఎన్ని రోజులు, అల్లు పట్టిన ఇంటి ఆడవాళ్ళ పనికి కూలి ఎంత? చివరి గడి దగ్గర అన్ని గుంపుల కాగితాలూ ఖాళీగానే ఉన్నాయి. ఆ ఖాళీయే పాఠం. పిల్లల్ని మగ్గం ఇంటికి పంపితే ఆ ఖాళీ వాళ్ళే నింపుకొస్తారు.

సాయంత్రం ఒక గట్టి వాదన జరిగింది, అది కూడా దాచను. ఒక పెద్దాయన అడిగారు. "పన్ను కట్టం అని ఊరు వదిలినవాళ్ళను గొప్పగా చెప్తే, రేపు పిల్లవాడు పన్ను ఎగ్గొట్టడం గొప్ప అనుకోడా?" కొంతమంది నవ్వబోయారు కానీ అది నవ్వే ప్రశ్న కాదు. చివరికి మేం ఒక తేడా దగ్గర ఆగాం. 1921లో ఆ పన్ను వెయ్యాలా వద్దా అన్నదాంట్లో ఆ నేతగాళ్ళ మాట చెల్లలేదు. ఈ రోజు 74వ సవరణ, 1993 నుంచి అమల్లో ఉన్నది, పట్టణాలకు ఎన్నికైన పాలకవర్గం ఉండాలంటోంది. 12వ షెడ్యూల్లో 18 పనులు రాసింది. పిల్లలు ఆ పద్దెనిమిదీ బట్టీ పడతారు. దానికి బదులు "పన్ను వేసేటప్పుడు నా మాట ఎక్కడ చెప్పాలి?" అని ఒక్క ప్రశ్న వేస్తే రెండు కాలాలకూ ఉన్న తేడా వాడికే తెలుస్తుంది. పెద్దాయన తలూపారు, "అయినా జాగ్రత్తగా చెప్పండి" అన్నారు. సరైన మాటే.

ఇప్పుడు అసలు విషయం. సదస్సు అయిపోయింది, సర్టిఫికెట్లు ఇచ్చారు. మరి మర్నాడు? ఇక్కడే మనవి చాలా వరకు ఆగిపోతాయి. మధ్యప్రదేశ్‌లో హోషంగాబాద్ విజ్ఞాన బోధన కార్యక్రమం అని 1972లో 16 బళ్ళతో మొదలై 2002 దాకా నడిచింది. వాళ్ళది సైన్సే అనుకోండి, కానీ నేర్చుకోవలసింది మనకూ ఉంది. టీచర్లు నెలనెలా కలిసేవారు. తరగతిలో ఏం కుదిరింది, ఏం కుదరలేదు అని చెప్పుకునేవారు. ఆ నెలవారీ కలయికే దాన్ని నిలబెట్టిందని నేననుకుంటాను. మనకు స్కూల్ కాంప్లెక్స్ సమావేశాలు ఉండనే ఉన్నాయి. కొత్తగా ఏదీ పెట్టక్కర్లేదు.

మేం ఒకటే ఒప్పందం చేసుకున్నాం. తర్వాతి కాంప్లెక్స్ మీటింగుకు ఎవరూ లెసన్ ప్లాన్ తేవద్దు. ముగ్గురు పిల్లల నోటుబుక్కులు తేవాలి. బాగా రాసినవాడిది, మధ్యరకం వాడిది, రాయలేనివాడిది. వాటిని బల్ల మీద పెట్టి, "ఈ పిల్లకి ఏం అర్థమైంది?" అని అందరం కలిసి చదవాలి. టీచర్ను పరీక్షించడం కాదు, పిల్ల రాతను చదవడం. మొహమాటం కాస్త తగ్గుతుంది.

మీరు మీ ప్రాంతంలో చెయ్యాలంటే పెద్ద ఖర్చేం లేదు. ఒక ఊరు ఎంచుకోండి. రాజమండ్రి వైపు వాళ్ళకు ధవళేశ్వరం ఆనకట్ట ఉంది. ములుగు వాళ్ళకు రామప్ప ఉంది. మోటుపల్లి దగ్గరి వాళ్ళకు సముద్ర వర్తకులకు గణపతిదేవుడు అభయమిచ్చిన శాసనం ఉంది. భయపడొద్దని రాజు రాయి మీద చెక్కించాడంటే, అంతకుముందు వాళ్ళకు భయం ఉన్నట్టే కదా! అలా అడగాలి. పాత పత్రికలు కావాలంటే వేటపాలెం సారస్వత నికేతనం లాంటి గ్రంథాలయాలున్నాయి. అది 1918 నుంచి ఉంది, ఒకసారి వెళ్ళి చూడండి. ఉపన్యాసాలు అరగంటకు మించనివ్వకండి. గుంపులు కలిపి కూర్చోబెట్టండి. పరీక్షల ప్రశ్న ఎవరైనా వేస్తే ఆపకండి, అదే ముందు మాట్లాడండి.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, ఈ రోజు పిల్లల చేతిలో ఫోన్ ఉంది. రోజుకో చరిత్ర వాట్సాప్‌లో వస్తోంది. ఫలానా రాజు మా వాళ్ళే అని ఒకటి, ఫలానా వాళ్ళు ఎప్పుడూ ఇంతే అని ఇంకోటి. మనం అందులో ప్రతిదానికీ ఖండన ఇస్తూ కూర్చోలేం. "ఆధారం ఏంటి? ఎవరు చెప్పారు? ఎవరికి చెప్పారు?" అని అడిగే అలవాటు మాత్రం ఇవ్వగలం. ఆ అలవాటు బడిలో నేర్పే బాధ్యత ముందు సోషల్ పీరియడ్‌దే. దాన్ని మైనర్ సబ్జెక్టు అని ఎవరన్నా అంటే నాకు బాధగా ఉంటుంది.

మీ ఊరి పేరు, అందులోంచి మీరు తీయగలిగిన ఒక్క పాఠం కింద రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో వాటిల్లో ఒకటి తీసుకుని పీరియడ్‌గా ఎలా మలచాలో చూద్దాం.